కేటీ రో, మొదటి టేకు

ఇంత బరువేమిటి ఈ హెడ్‌ఫోన్లు, ఎవరో రెండు అరచేతులతో చెవులు మూసినట్టుంది, అప్పట్లో ఇవి రికార్డు కంపెనీ దొర చెవులకే ఉండేవి, నాకు మైకు ఒక్కటే, ఆంటీ, మంచిగున్నాయా, టైట్ అయినయా అని అద్దం అవతలి నుంచి ఉమైర్ అడుగుతున్నాడు, బాగానే ఉన్నాయి నాయనా అన్నాను, హైదరాబాదు పిల్లవాడు, ఈ వన్-నార్త్ స్టూడియోలో పాత టేపుల మీది గరగర తుడిచే పని అతనిది, నా పక్కన సుస్మిత, గుంటూరు పిల్ల, క్లెమెంటిలో మా ఫ్లాట్‌లోనే వెనక గది అద్దెకు తీసుకుని యూనివర్సిటీలో పాత రికార్డుల మీద పరిశోధన చేస్తోంది, ఊరంతా వెతికింది కేటీ రో కోసం, ఆ కేటీ రో వంటింట్లో చింతపండు పిసుకుతూ కూనిరాగం తీస్తుంటే విని గుమ్మంలోనే నిలబడిపోయింది, ఆంటీ, మీరేనా, సింగపూర్లో కంట్రీ పాటలు పాడిన మొదటి ఇండియన్ లేడీ మీరేనండీ అంది, మొదటో రెండోదో నాకేం తెలుసే, పాడేదాన్ని, అంతే.

కాత్యాయని అనడానికి దొరల నోరు తిరగలేదు, కేటీ అయింది, నాన్న పేరు చివరి రావు కాస్తా రో అయింది, సెంబావాంగ్ ఓడరేవు పక్క క్లబ్బుల్లో, బీరు వాసనలో, గిటారు పట్టుకుని అమెరికా పల్లెటూళ్ళ పాటలు పాడేదాన్ని, అన్నీ రేడియోలో విని నేర్చినవే, నావికులు కొందరు ఏడ్చేవారు, ఏ ఊరు గుర్తొచ్చేదో పాపం, రికార్డు వేసినప్పుడు మాత్రం అట్ట మీద నా మొహం వేయలేదు, వెనక నుంచి ఫోటో తీశారు, టోపీ, గళ్ళ చొక్కా, జడను చొక్కా లోపలికి దోపుకోమన్నారు, దోపుకున్నాను, వీపంతా దురద, పేపర్లో రాశారు, కళ్ళు మూసుకుని వింటే అచ్చం అమెరికా పిల్లేనని, అమ్మ ఆ కాగితం ముక్క అందరికీ చూపించింది, నాకూ సంబరమే, ఆ అచ్చం అనే మాట ముల్లులా గుచ్చుకోవడం తర్వాతెప్పుడో మొదలైంది, అచ్చం అంటే నకలు అనే కదా, దొరల ఓడలు వెళ్ళిపోయాక క్లబ్బులు మూతపడ్డాయి, బ్యాండు వాళ్ళు హోటళ్ళకు మారారు, నన్నూ రమ్మన్నారు, నేనే వెళ్ళలేదు, మొగుడు మానిపించాడని అందరూ అనుకున్నారు, కేశవరావు అలాంటివాడు కాదు, డాక్‌యార్డు నుంచి వస్తూ గిటారు తీగలు కొనుక్కొచ్చేవాడు, పాడవే కాత్యా, ఒక్కటి పాడు అనేవాడు, తీగలు పొట్లాల్లోనే తుప్పు పట్టాయి, నకలు పాటలు ఇంకెందుకులెండి అనేదాన్ని, అతను పోయాక ఆ మాట అడిగేవాళ్ళే లేరు, మనవరాలు అరుణశ్రీకి మొన్న రికార్డు అట్ట చూపిస్తే, అమ్మమ్మా, యూ సో కూల్ లా, బట్ వై నో ఫేస్ అంది.

ఆంటీ, ముందు మీ రికార్డులో వచ్చింది ప్లే చేస్తాడంట, తర్వాత మనకు దొరికిన ఇంకో టేకు, అదే పాట దానికంటే ముందు మీరు పాడింది, రెండూ విని ఏది బయటికి తేవాలో మీరే చెప్పండి, మీకు వద్దనిపిస్తే రెండూ ఆపేద్దాం అంటోంది సుస్మిత, సరే అన్నాను, గిటారు మొదలైంది, గేటు దగ్గర నిలబడి ఆగని రైలు కోసం చూసే అమ్మాయి పాట, ఇంగ్లీషులో, శుభ్రంగా, ఎక్కడా మడత లేదు, ఇస్త్రీ బట్టలా ఉంది గొంతు, ఎవరిదో గొంతు, బాగుంది, మెచ్చుకోవచ్చు, నాకేమీ కాలేదు, సుదా, మలయ్ వాళ్ళన్నట్టు ఇక చాలనుకుంటుంటే రెండోది మొదలైంది, ఇది నాకు తెలుసు, ఇది నేను తప్పు పాడింది, దొర దిద్దాడు, నేను తల వంచుకుని సరే సార్ అన్నాను, మళ్ళీ పాడాను, ఇన్నేళ్ళూ ఆ రోజు గుర్తొస్తే ఒళ్ళు ముడుచుకుపోతుంది, వినొద్దు, తీసేయ్ నాయనా అనబోయాను, ఇంతలో టేపులో గొంతు వచ్చేసింది.

అదే పాట, అదే గేటు, కానీ ఇల్లు అనే మాట దగ్గర గొంతు తిన్నగా పోలేదు, ఒకసారి కిందికి వంగి, మళ్ళీ లేచి, పక్కకి తిరిగి ఎవరినో పిలిచినట్టు సాగింది, ఎవరిని, ఓరి దేవుడా, నా చిన్నప్పుడు మలయాలో, పెరాక్‌లో రబ్బరు తోట, తెల్లవారుజామున రబ్బరు పాలు తీయడానికి వెళ్ళిన ఆడవాళ్ళు చెట్ల వరసల్లో ఒకరికొకరు కనిపించరు, పొగమంచు, పులి భయం, అందుకని ఒకరు కూత వేస్తే అవతలి వరసలోంచి ఇంకొకరు అందుకునేవారు, అమ్మ కూతకు చివర సరిగ్గా ఇలాంటి మెలికే ఉండేది, అది విని పక్క వరసలో ఉన్న నాకు ధైర్యం వచ్చేది, ఆ మెలిక అమెరికా పాటలోకి వచ్చి కూర్చుంది, ఎంత బాగా కూర్చుంది, సుస్మిత నా చెయ్యి పట్టుకుంది, పాట అయిపోయింది, టేపు మాత్రం తిరుగుతూనే ఉంది, దొర గొంతు, విసుగ్గా, కేటీ, ఆ ఇల్లు అనే మాట దగ్గర తప్పు పాడావు, ఆ ఇండియన్ వణుకు వద్దు, తిన్నగా పాడు, ఇప్పుడు సరే సార్ అంటాను, కళ్ళు గట్టిగా మూసుకున్నాను, అనలేదు, చిన్న ఆడపిల్ల గొంతు, నాదే, ఇంగ్లీషులో, నెమ్మదిగా, అది తప్పు కాదండీ, నేనే పెట్టాను, అక్కడ అలాగే ఉండాలి అంది, ఎవరో గిటారు కింద పెట్టిన చప్పుడు, మళ్ళీ మొదలుపెట్టండి అన్నాడు దొర, టేపు ఆగింది.

ఆంటీ, లాస్ట్‌ల ఆ మాటలు కట్ చేసేస్తా, పాట వరకే ఉంచుదమా అని ఉమైర్ అడుగుతున్నాడు, ఏయ్ ఉండు, ఆంటీ ఏడుస్తున్నారు అంటోంది సుస్మిత, ఏడుపు కాదే, కళ్ళు అవే కారుతున్నాయి, ఒక్క ముక్క కూడా కొయ్యకు నాయనా, ఇదే వెయ్యి, మాటలతో సహా వెయ్యి, అట్ట మీద నా మొహం వెయ్యండి, ఇప్పటి మొహమే, ముడతలతోనే అన్నాను, గొంతు గట్టిగానే వచ్చింది, మళ్ళీ ఒకసారి వినిపించు అన్నాను, పాట కోసం కాదు, ఆ చివరి మాట కోసం, బ్యాండు వాళ్ళంతా ఎదురుచూస్తుంటే ఆ తర్వాత తిన్నగానే పాడి ఉంటాను, లోకానికి వినిపించింది అదే, నాకు గుర్తుండిపోయిందీ అదే, దిద్దించుకున్న పిల్ల, నకలు పిల్ల, కానీ నకలు కొట్టే పిల్లకి ఏది ఎక్కడ ఉండాలో తెలియదు, నాకు తెలుసు, అంత మంది మగవాళ్ళ మధ్య నిలబడి చెప్పాను కూడా, తప్పు పాడలేదు నేను, ఆ పాట నాదే.