దుప్పటికి రెండో కొస

దుప్పటి మడతపెట్టే ఫోటోకి ఇద్దరు కావాలి. లాక్‌డౌన్‌లో, ఐర్లండ్‌లోని ఈ గాల్వేలో, రెండో మనిషిని నేనెక్కడి నుంచి తెచ్చేది?

మా ప్రొఫెసరుకి ఆ బాధ పట్టలేదు. ఫోటోగ్రఫీ కొత్తగా పుట్టిన రోజుల్లో కళ పేరు చెప్పి, ఆడవాళ్ళను పనిమనుషుల వేషంలో నిలబెట్టి, ఇంటిపని చేస్తున్నట్టు ఫోటోలు తీసేవారు. అలాంటివి తలా ఒకటి ఇచ్చి, ఉన్నచోటే మళ్ళీ తీసి పంపమన్నాడు. మిగతావాళ్ళకి ఊడ్చేవీ, కుట్టేవీ వచ్చాయి. నా ఖర్మకి ఇద్దరిది తగిలింది. నాతో ఉండే అమ్మాయిలు మార్చిలోనే వాళ్ళ ఊళ్ళకు వెళ్ళిపోయారు. అప్పటి నుంచి నన్ను తాకిన మనిషి లేదు. పిచ్చెక్కుతోంది.

పెరట్లో దుప్పటి ఒక కొస తీగకి తగిలించి తంటాలు పడుతుంటే పక్కింటి జానకమ్మగారు చూశారు. డాక్టరు కొడుకు దగ్గరికి వచ్చి, విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుపోయారు. తల్లికి అంటుకుంటుందేమోనని ఆయన వేరేచోట ఉంటున్నాడు.

"ఇటు విసురు అలేఖ్యా" అన్నారు పిట్టగోడ అవతల నుంచి.

సాగదీస్తే దుప్పటి రెండు మీటర్ల పైనే. గార్డులు, అదే ఇక్కడి పోలీసులు, వచ్చినా దూరం చాలదని అనలేరు. ఫోను కుర్చీకి ఆనించి టైమర్ పెట్టాను.

"కదలకండి ఆంటీ. మడతపెడుతున్నట్టు ఉంటే చాలు."

"మడతపెట్టకుండా ఈ పట్టుకోవడమేంటమ్మా, చోద్యం కాకపోతే."

ఫోటో పడింది. ఆవిడ అలవాటుగా కొసలు రెండూ కలిపి, నా చేతికి అందివ్వడానికి గోడ దాకా వచ్చేశారు. నేను గబుక్కున వెనక్కి జరిగాను. మనిషి కోసం మొహం వాచి ఉన్నదాన్ని, తీరా మనిషి వస్తే తప్పుకున్నాను. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఆవిడ ఆగిపోయారు. "మర్చేపోయానమ్మా. మావాడూ అంతే, కిటికీ అవతలే నిలబడిపోతాడు."

వెనక్కి నడిచి, కలిపిన కొసలు విడదీసి, దుప్పటిని మళ్ళీ బిగించి పట్టుకున్నారు.

"ఫోటో బాగా వచ్చి ఉండదు. ఇంకోటి తీయకూడదూ" అన్నారు.

వెళ్ళి చూశాను. చక్కగా వచ్చింది.

"కదిలిపోయింది ఆంటీ" అని, టైమర్ నొక్కినట్టు నటించి, వచ్చి నా కొస పట్టుకున్నాను.

"ఎంతసేపు కదలకూడదు?"

"పాతకాలం ఫోటో కదా. చాలాసేపు."

చినుకులు మొదలయ్యాయి. ఆవిడ కొస వదల్లేదు, నేనూ వదల్లేదు.