పసుపు గీతకి ఇవతల

మార్విన్ డెరోజియర్ మూడోసారి పరీక్షకి కూర్చోవలసింది ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకి. ఇది కూడా పోతే క్రేన్ కోర్సులోంచి అతని పేరు కొట్టేస్తారు. నలభై ఆరేళ్ళ మనిషి. కాగితం మిల్లు మూతపడ్డాక ఒక చలికాలమంతా ఇళ్ళ ముందు మంచు ఎత్తి, తర్వాత మా కాలేజీలో చేరాడు. రేవులో ఒక ఉద్యోగం అతని కోసం మార్చి దాకా ఆపి ఉంచారు.

అసలు క్రేన్ ఎక్కించే ముందు మేము కంప్యూటర్ క్రేన్ మీద పరీక్ష పెడతాం. కుర్చీలో కూర్చుని కళ్ళకి హెడ్‌సెట్ తగిలించుకుంటే థండర్ బే రేవంతా చుట్టూ ఉంటుంది. ఎదుట బరువు, గాలి వేగం చూపించే అంకెలు, కింద చేతులతో సైగలు చేసే మనిషి. మార్విన్‌కి ఆ రెండూ మసకే. జనవరిలో రెండుసార్లు అంకె తప్పు చదివి, బరువుని రేవు గోడకి కొట్టాడు.

ఆ యంత్రాల బాధ్యత నాది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే కాబట్టి, పుస్తకంలో ఏం రాసి ఉంటే అది వరసగా చేసుకుపోవడం నాకు అలవాటు. లెన్సులు తుడిచాను. కేబుల్ మార్చాను. బొమ్మ నాణ్యత ఎవరో డెబ్భై శాతానికి దించి ఉంచారు, నూటికి పెంచాను. గ్రాఫిక్స్ కార్డుకి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. మార్విన్ కళ్ళ మధ్య దూరం కొలిచి లెన్సులని ఆ దూరానికి జరిపాను. ప్రతిసారీ నేను పెట్టుకుని చూస్తే అద్దంలా ఉండేది. అతను పెట్టుకుంటే మళ్ళీ అదే మసక.

“బొమ్మ బాగానే ఉంది కదయ్యా,” అన్నాడు గోర్డ్, పక్కనున్న మానిటర్ చూపించి. గోర్డ్ పెల్టియర్ కోర్సు నడిపే మాస్టారు. “దీన్లో ఈగ కాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు.”

“నా తల దాన్లో లేదు గోర్డ్, దీన్లో ఉంది,” అన్నాడు మార్విన్ హెడ్‌సెట్ మీద తట్టి.

“కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళు.”

“వెళ్ళొచ్చాను. తనకంటే నాకే బాగా కనిపిస్తోందన్నాడు. నవంబర్‌లో ఇదే కుర్చీలో అన్నీ చదివాను కదా?”

అది నిజమే. నవంబర్‌లో అతనికి బాగానే కనిపించేది. మిగిలిన వాళ్ళంతా డిసెంబర్‌లో పాసయ్యారు. మార్విన్ అప్పుడు న్యుమోనియాతో మంచంలో ఉన్నాడు. జనవరికి ఏం మారిందో నాకు అంతుపట్టలేదు. టైము ఒకటిన్నర దాటింది.

అప్పుడే లెన్సులు తుడిచే గుడ్డలు ఇవ్వడానికి ఇర్జా కోస్కెలా వచ్చింది. మా పనిముట్ల గది చూసుకునేది ఆవిడే. అరవై దాటాయి. ఇక్కడికి రాకముందు ఇరవై రెండేళ్ళు కళ్ళద్దాల కొట్లో ఫ్రేములు సరిచేసింది. ఆ సంగతి మా అందరికీ తెలుసు. కానీ కంప్యూటర్ పనిలో అది అక్కరకొస్తుందని ఎవరం అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

“పెట్టుకో మార్విన్,” అంది.

అందరం మానిటర్ చూస్తున్నాం. ఆవిడ మానిటర్ వైపు తిరగనైనా లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, పక్కనుంచి అతని మొహం చూసింది. చెవి, కణత, ముక్కు. కాసేపటికి నా వైపు తిరిగింది.

“ఎమెట్, నువ్వు ఎప్పుడు పెట్టుకుని చూశావు?”

“రోజూ పొద్దున్న ఏడింటికి. క్లాసు మొదలవకముందు.”

“హెల్మెట్‌తోనా?”

“లేదు, ఉత్త తలతోనే,” అన్నాను.

జనవరి మొదట్లో మా షెడ్డులో పైనుంచి ఒక రెంచి జారి ఒక కుర్రాడి భుజానికి తగిలింది. ఆ మర్నాడే గోర్డ్ నేల మీద పసుపు గీత గీయించాడు. క్లాసు జరుగుతుండగా గీత లోపల హెల్మెట్ లేని తల కనిపిస్తే బయటికే. మా కుర్చీ గీత లోపల ఉంది. మార్విన్ మిల్లులో పెరిగిన మనిషి, హెల్మెట్ నుదుటి దాకా దించి, పట్టీ బిగించి, ఆ కిందే హెడ్‌సెట్ పెట్టుకునేవాడు.

ఇర్జా రెండు వేళ్ళతో, హెల్మెట్ అంచు కిందికి అదిమి ఉంచిన హెడ్‌సెట్‌ని కాస్త పైకి లేపింది.

“ఇప్పుడు?”

మార్విన్ మెల్లగా, “రెండు పాయింట్ నాలుగు టన్నులు,” అన్నాడు. “గాలి పదకొండు.” ఒక్కసారిగా నవ్వాడు. “ఓయ్, సైగలు చేసేవాడికి మీసం ఉంది! ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పరేం?”

“కన్ను లెన్సు నడిమికి రావాలి,” అంది ఇర్జా. “హెల్మెట్ దీన్ని కిందికి తోస్తోంది. ఇతను అంచులోంచి చూస్తున్నాడు. అద్దాలు జారిన వాళ్ళని రోజుకి ముప్ఫైమందిని చూసేదాన్ని.”

“హెల్మెట్ తియ్యడానికి వీల్లేదు,” అన్నాడు గోర్డ్.

“తియ్యమని నేనన్నానా? నువ్వొకసారి కూర్చో.”

గోర్డ్ హెల్మెట్ కిందే హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్నాడు. తల అటూ ఇటూ తిప్పాడు. అంకెలు అతనికీ మసకే.

“ఇలాగే రెండుసార్లు పరీక్ష పెట్టానా?” అన్నాడు చివరికి.

“పెట్టావు,” అన్నాడు మార్విన్. అందులో కోపం లేదు.

గోర్డ్ లేచి పైకప్పు వంక చూశాడు. కుర్చీకి సరిగ్గా పైన కొక్కెం గానీ గొలుసు గానీ, జారిపడేది ఏదీ లేదు. ఇర్జా జేబులోంచి పసుపు టేపు చుట్ట తీసి అతని చేతిలో పెట్టింది. గోర్డ్ తనే మోకాళ్ళ మీద కూర్చుని పాత గీత గీకేసి, కుర్చీకి అవతలగా కొత్త గీత అంటించాడు. ఒక అంగుళం వంకర పోతే పీకి మళ్ళీ అంటించాడు. నియమం నియమంగానే ఉంది, కుర్చీ మాత్రం బయటికొచ్చింది.

పరీక్ష ఇరవై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. మార్విన్ హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంకెలు పైకి చదువుతూ బరువు ఎత్తాడు, తిప్పాడు, ఓడలోకి దించాడు. అది ఓడ అడుగుకి తాకిన చప్పుడు కూడా మాకు వినపడలేదు, అంత మెత్తగా దించాడు. గోర్డ్ జనవరి పరీక్షల కాగితాలు రెండూ నిలువునా కొట్టేసి, కింద సంతకం చేశాడు.

నేను పనిముట్ల గదికి పరుగెత్తాను. ఇర్జా గులాబీ ఐసింగ్ పూసిన పర్షియన్ బన్ను తింటూ, ఎవరికో రెంచి ఇచ్చి పేరు రాసుకుంటోంది. ఇక నుంచి యంత్రాన్ని వాడే మనిషి ఎలా పెట్టుకుంటాడో అలాగే పెట్టుకుని చూస్తానని చెప్పాను. తలూపింది.

“పాసయ్యాడా?”

“అయ్యాడు. ఓడలోకి దించాడు.”

“మంచిది.” వేళ్ళకి అంటిన ఐసింగ్ తుడుచుకుంది. “ఆ మీసం ఏ రంగో అడిగావా?”