ఎడమ మూలలో గుంట

కిందటి ఏడు చిగుసా ఓడిపోయింది జంపుల దగ్గర కాదు, ఒక పూస దగ్గర.

తూర్పు జపాన్ ఐస్ స్కేటింగ్ పోటీలో మైకులో ఆమె పేరు పిలిచారు. పేరు పిలిచాక ముప్పై సెకన్లలో తన చోటికి వెళ్ళి నిలబడాలి. దారిలో ఐస్ మీద తెల్లటి పూస ఒకటి మెరిసింది. అంతకు ముందు స్కేటింగ్ చేసిన అమ్మాయి గౌను నుంచి రాలింది. చిగుసా వంగి తీసింది. గోడ దాకా వెళ్ళి అక్కడున్న మనిషి చేతిలో పెట్టింది. ఆయన తల వంచి దండం పెట్టాడు. తనూ వంచింది. ఆయన మళ్ళీ వంచాడు గనక తనూ మళ్ళీ వంచింది. చోటికి చేరేసరికి ముప్పై నాలుగు సెకన్లు అయ్యాయి. ఆ తర్వాత నాలుగు నిమిషాలూ ఒక్కసారి కూడా పడలేదు. ఆలస్యానికి ఒక మార్కు కోసేశారు. జాతీయ పోటీకి వెళ్ళే ఆఖరి చోటు అర మార్కు కూడా లేని తేడాతో పోయింది.

వాళ్ళ ఊరు హాచినోహెలో ఆ సంగతి చాలా రోజులు చెప్పుకున్నారు. ఆదివారం రేవు సంతలో ఎండుచేపలు అమ్మే నానమ్మ దగ్గరికి వచ్చినవాళ్ళు చేపలకంటే ముందు అదే అడిగేవారు.

"మీ మనవరాలు వెళ్ళింది స్కేటింగుకా, ఊడవడానికా?"

"రెండూ చేసొచ్చింది," అంది నానమ్మ. "మీ వాడు రెండింట్లో ఒక్కటైనా చేస్తాడా?"

ఇంటికి వచ్చాక మాత్రం మనవరాలి మీద విరుచుకుపడింది. "పూస తియ్యడం సరే. ఆ పెద్దమనిషితో దండాల పోటీ ఎందుకే పెట్టుకున్నావు?"

ఐస్ మీద కంటబడినదల్లా సర్దే అలవాటు చిగుసాకి ఆరో ఏటనే పట్టుకుంది. వాళ్ళ క్లబ్బులో సాధన అవగానే ఎవరూ బూట్లు విప్పరు. జంప్ చేసేటప్పుడు బ్లేడు ముందున్న పళ్ళతో ఐస్‌ని పొడిచి లేస్తారు. పొడిచిన చోటల్లా గుంట పడుతుంది. ఆఖరి పది నిమిషాలు పిల్లలంతా బకెట్లు పట్టుకుని, గీరిన మంచులో కాసిని నీళ్ళు చల్లి ఆ గుంటలు పూడుస్తారు. మిగతావాళ్ళు తమవి తాము పూడ్చి వెళ్ళిపోయేవారు. చిగుసా కంటబడినవన్నీ పూడ్చేది. గుంటను చూసి అక్కడ దూకింది ఎవరో, ధైర్యంగా దూకారో భయపడుతూ దూకారో చెప్పగలిగేది.

ఆమె గురువు సొమెయా సెన్సేకి యాభై దాటాయి. మోకాళ్ళు రెండూ పాడైపోయాయి గనక గోడ దగ్గర స్టూలు వేసుకుని నేర్పుతుంది. పోటీ నుంచి తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఒక్క మాటా తిట్టలేదు. మర్నాడు పొద్దున మాత్రం పిలిచి చెప్పింది.

"నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో నీ అంత మర్యాదస్థురాలు లేదు. అది మానుకోమని చెప్పను. ఆ నాలుగున్నర నిమిషాలు మాత్రం దాన్ని గోడ అవతల పెట్టి రా."

"అలాగే సెన్సే."

"అలాగే అంటే రాదు. సాధన చెయ్యాలి."

ఆ రోజు నుంచి సెన్సే ఐస్ మీద వస్తువులు పడేసి, చేతిగడియారం పట్టుకుని, చిగుసా పేరు పిలిచేది. చిగుసా వాటిని ముట్టుకోకుండా తన చోటికి వెళ్ళి నిలబడాలి. మొదట జడపిన్నులు, తర్వాత ఒంటి చేతితొడుగు, కమలాపండు తొక్క. క్లబ్బులో చిన్న పిల్లలకి ఇది పండగైపోయింది. ఇంటి నుంచి ఏవేవో తెచ్చి, చిగుసా అక్క వంగుతుందా వంగదా అని చూసేవారు. ఒకనాడు కోహారు అనే ఏడేళ్ళ పిల్ల ఊడిన తన పాలపన్ను తెచ్చి పెట్టింది. చిగుసా ఆగిపోయింది.

"ఏమైంది?" అంది సెన్సే.

"పన్ను, సెన్సే."

"అయితే? దానికి ఇంకోటి మొలుస్తుంది. నీకు ఇంకో ఏడాది మొలవదు."

నిజంగానే మొలవదు. చిగుసాకి స్కూల్లో అదే ఆఖరి ఏడాది. సెందాయిలో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు ఫోను చేసి, జాతీయ పోటీ దాకా వెళ్తే తమ జట్టులో చేర్చుకుంటామన్నారు. వెళ్ళకపోతే ఏమిటో వాళ్ళు చెప్పలేదు, చిగుసా అడగలేదు. అమ్మ పనిచేసే చేపల డబ్బాల ఫ్యాక్టరీలో వసంతం నుంచి ఒక ఉద్యోగం ఖాళీ అవుతుంది. మేస్త్రీ అప్పుడే ఆమె రబ్బరు బూట్ల సైజు అడిగాడు. ఆ పనంటే చిగుసాకి చిన్నచూపు లేదు. అమ్మ చేతుల వాసన ఆమెకు ఇష్టమే. కానీ ఇక స్కేటింగ్ ఉండదు. పొద్దున అయిదింటికి లేచి చీకట్లో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, ఎవరూ అడుగుపెట్టని ఐస్ మీద మొదటి గీత గీయడం ఉండదు. ఆ ఒక్కటీ పోగొట్టుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు.

వేసవి గడిచేసరికి ఐస్ మీద ఎవరి పర్సు పడి ఉన్నా చూడకుండా వెళ్ళిపోవడం నేర్చుకుంది. పదమూడు సెకన్లు, పన్నెండు, పదకొండు.

ఆ ఏడు తూర్పు జపాన్ పోటీ మొరియొకా నగరంలో జరిగింది. జాతీయ పోటీకి ఏడుగురిని పంపుతారు. మొదటి రోజు చిన్న ప్రోగ్రాం అయ్యాక చిగుసా తొమ్మిదో స్థానంలో ఉంది. రెండో రోజు పెద్ద ప్రోగ్రాం; రెండింటి మార్కులూ కలిపి చూస్తారు. ముందున్న ఆరుగురు ఆఖరి గుంపులో, వాళ్ళ వెనక ఆరుగురు ఆ ముందు గుంపులో ఉంటారు. చిగుసాకి తన గుంపులో అయిదో వంతు వచ్చింది.

నాలుగో అమ్మాయి గట్టి మనిషి. ఆఖర్లో ఎడమ మూలలో పెద్ద జంప్‌కి లేచి, దబ్బున పడి, లేచి, మిగతాది పూర్తి చేసి, ఏడుస్తూ బయటికి వెళ్ళింది. ఆమె మార్కులు లెక్కపెట్టే లోపల తర్వాతి మనిషి ఐస్ మీదికి రావచ్చు. చిగుసా వచ్చి రెండు చుట్లు తిరిగింది. ఎడమ మూల దగ్గర బ్లేడు కింద ఏదో తగిలినట్టయి ఆగింది.

గుంట ఉంది. బొటనవేలంత లోతు, అంచులు పగిలి లేచాయి. తన మొదటి జంప్ పేరు లట్జ్. వెనక్కి జారుతూ చాలా దూరం వచ్చి, ఆ మూలలో కుడికాలి బ్లేడు పళ్ళు దింపి లేవాలి. పళ్ళు దిగేది సరిగ్గా అక్కడే. వెనక్కి వస్తున్న మనిషికి కింద ఏముందో కనబడదు.

గోడ దగ్గరికి వచ్చింది. "సెన్సే, ఎడమ మూలలో గుంట ఉంది."

"చూడకు."

"చూశాను."

"ఒక మీటరు ముందే లేచిపో. ఇంకో నిమిషంలో పేరు పిలుస్తారు. నీళ్ళు తాగు."

"ఒక మీటరు ముందు లేస్తే నా లెక్క తప్పుతుంది. భయపడుతూ లేస్తాను."

"ఏడాదంతా నీకు ఏం నేర్పాను?"

"వస్తువులు వదిలెయ్యమన్నారు. వదిలేస్తాను. ఇది వస్తువు కాదు సెన్సే, ఇది నేను అడుగుపెట్టే చోటు."

చిగుసా జవాబు కోసం ఆగకుండా వెనక్కి తిరిగింది.

పుట్టి బుద్ధెరిగాక చిగుసా తన కోసం ఎవరినీ ఆగమనలేదు. బస్సులో దిగాల్సిన స్టాపు దాటిపోతే, మీట నొక్కడానికి మొహమాటపడి తర్వాతి స్టాపులో దిగి నడిచి వచ్చే రకం. ఎదురుగా బల్లల వెనక పదిహేను మంది కోట్లు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళ పైన మెట్ల నిండా జనం. బల్లల మధ్యలో ప్రధాన న్యాయనిర్ణేత ఉంది. నెరిసిన జుట్టు కత్తిరించుకున్న పెద్దావిడ. చిగుసా ఆవిడ ముందు ఆగింది. ఒక్కసారే తల వంచింది.

"క్షమించండి. ఎడమ మూలలో గుంట పడింది. పూడిస్తే తప్ప నేను మొదలుపెట్టలేను."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "చిన్న గుంటలు ఉంటూనే ఉంటాయమ్మా."

"చిన్నదైతే మీ దాకా వచ్చేదాన్ని కాదు."

"ఖాయంగా చెబుతున్నావా? అందరినీ ఆపాలి."

"ఆరో ఏటి నుంచి ఇవే పూడుస్తున్నాను. నా తర్వాత ఇంకో అమ్మాయి కూడా అక్కడే దూకుతుంది."

ఆవిడ ఒక క్షణం ఆలోచించి మైకు దగ్గరున్న మనిషికి చెయ్యి ఊపింది. హాల్లో ప్రకటన వినిపించింది. ఇద్దరు మగవాళ్ళు బకెట్టుతో చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ ఐస్ మీదికి వచ్చారు. పైన మెట్ల మీద గుసగుసలు మొదలయ్యాయి. ఆ గుసగుసలన్నీ తన గురించేనని చిగుసాకి తెలుసు. చెవులు వేడెక్కాయి. కాళ్ళు మాత్రం చల్లబడుతున్నాయి. ఆగకుండా తిరుగుతూనే ఉంది.

రెండో చుట్టులో చూస్తే వాళ్ళు గుంటలో నీళ్ళు ధారగా పోస్తున్నారు. ఇక ఉండబట్టలేకపోయింది.

"అంకుల్, నీళ్ళు ఎక్కువైతే పైన పొర కట్టి లోపల మెత్తగా ఉండిపోతుంది. ముందు మంచు కూరండి."

"ఇదిగో, కూరుతున్నాం."

"ఇంకా. అరచేత్తో నొక్కండి. అంచులు కూడా."

"నువ్వే చేస్తావా ఏమిటమ్మాయ్?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు, నవ్వుతూ.

చేతులు ఆ బకెట్టు కోసం నిజంగానే ముందుకు సాగాయి. గోడ దగ్గర సెన్సే దగ్గింది. చిగుసా చేతులు వెనక్కి కట్టుకుంది. "లేదండీ. ఇవాళ మీరే చెయ్యాలి."

నొక్కారు. బ్లేడు పెట్టి చూసింది. గట్టిగానే ఉంది. మూడు నిమిషాలు పట్టింది మొత్తానికి. ఆ మూడు నిమిషాల్లో ఎవరూ చచ్చిపోలేదు, ఎవరూ ఆమెను తిట్టలేదు. ఎవరో పైనుంచి చప్పట్లు కూడా కొట్టారు. అవి బకెట్టు వాళ్ళకో తనకో తెలియలేదు.

పేరు పిలిచారు. పది సెకన్లలో తన చోట నిలబడింది.

సంగీతం మొదలైంది. వెనక్కి జారుతూ ఆ మూలకి వచ్చింది. పళ్ళు దించింది. ఐస్ పట్టింది. మూడు చుట్లు తిరిగి దిగింది. కాకపోతే కాళ్ళు బిగుసుకుపోయి ఉండడంతో దిగేటప్పుడు ఒంగిపోయింది, వెంటనే కలపాల్సిన రెండో జంప్ కలపలేకపోయింది. సరే, తర్వాత కలుపుతాను అనుకుంది. ఆ వెంటనే వచ్చిన ఫ్లిప్‌కి, ఏ గుంటా లేని శుభ్రమైన ఐస్ మీద, ఏడాదిలో ఎప్పుడూ తప్పని జంప్‌లో, తుంటి మీద పడింది.

లేచింది. ఎవరినీ అనడానికి లేదు. ఆ పడడం తనదే.

ఇంకా మూడు నిమిషాలున్నాయి. ఏం పోయింది, ఏం మిగిలింది, ఎక్కడ ఏం కలపాలి అని కాళ్ళు తమ పని చేస్తుండగానే తల లెక్క వేసుకుంది. రెండో లట్జ్ కూడా ఒంటరిగా వదిలితే దాని విలువ తగ్గిపోతుంది. సంగీతం సగం దాటాక ఆ లట్జ్‌కి లేచింది. దిగిన కాలితోనే మళ్ళీ లేచింది. దాని వెనక ఇంకోసారీ లేచింది. మూడోది సాధనలో పదిసార్లకి నాలుగుసార్లే వచ్చేది. ఇవాళ రాకుండా ఉండే హక్కు దానికి లేదనుకుంది. వచ్చింది.

మార్కుల కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు సెన్సే అడిగింది. "ఫ్లిప్‌కి ఏమైంది?"

"లట్జ్ నిలిచిందని సంతోషపడ్డాను."

"సంతోషం చివర్లో పడు."

అప్పటికి ఆమెదే మొదటి స్థానం. ఇంకా ఏడుగురున్నారు. ఏడుగురూ దాటితే ఇంటికి పోవడమే. ఆరుగురు దాటినా చోటు దొరుకుతుంది. సెన్సే ఒడిలో చేతులు పెట్టుకుని ఏడు వేళ్ళు చాపి కూర్చుంది.

చిగుసా తర్వాతి అమ్మాయి అదే ఎడమ మూలలో, పూడ్చిన చోటికి జానెడు దూరంలో లేచి, అందంగా దిగి, రెండు మార్కులతో చిగుసాని దాటింది. సెన్సే ఒక వేలు ముడిచింది.

"పూడ్పించినందుకు బాధపడుతున్నావా?"

"లేదు. బాగా దూకింది."

ఆఖరి గుంపులో మొదటి అమ్మాయి దాటింది. రెండో అమ్మాయి దాటింది. మూడో అమ్మాయి వచ్చింది. ఆమె పడితే బాగుండునని కోరుకోవడం చిగుసాకి చేతకాలేదు. పడకూడదని కోరుకోవడం కూడా ఆ రోజు చేతకాలేదు. బూట్ల వంక చూస్తూ కూర్చుంది. హాలంతా అయ్యో అన్న చప్పుడు ఒకసారి వచ్చింది, కాసేపటికి ఇంకోసారి వచ్చింది. మార్కులు చదివారు. సెన్సే వేలు ముడవలేదు.

"చిగుసా. ఇక ఎవరు ఎలా చేసినా నువ్వు లోపలే."

చిగుసా తలెత్తింది. ఆ అమ్మాయి మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వాళ్ళ పక్కనుంచే వెళ్ళింది. చిగుసా లేచి నిలబడి దారి ఇచ్చింది. ఆమె కనబడకుండా పోయేదాకా కూర్చోలేదు. తర్వాత కూర్చుని, మిగిలిన ముగ్గురినీ మొదటి నుంచి చివరిదాకా చూసింది. వాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో, ఎక్కడ తనకన్నా వేగంగా వెళ్తున్నారో గుర్తు పెట్టుకుంది. జాతీయ పోటీలో వాళ్ళందరూ ఉంటారు.

సాయంత్రం స్టేషన్ నుంచి ఇంటికి ఫోను చేసింది. నానమ్మే ఎత్తింది.

"ఎన్నోదానివి?"

"ఆరోదాన్ని."

"అయితే వెళ్తున్నట్టేనా?"

"వెళ్తున్నాను నానమ్మా. డిసెంబర్లో."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. గొంతు సవరించుకుని నానమ్మ అంది. "అంటే నీ ముందు అయిదుగురు ఉన్నారన్నమాట."

"ఉన్నారు. డిసెంబర్లో ఇంకా ఎక్కువమంది ఉంటారు."

"ఉండనీ. రేపు పొద్దున సైకిలు మీద వెళ్తావా, తుంటి నొప్పిగా ఉందా?"

"నొప్పిగానే ఉంది," అంది చిగుసా. "అయిదింటికి లేపు."