ఎక్కిన చేపలు, ఎక్కించిన చేపలు

గుడ్లు పెట్టడానికి ఎగువకు పోయే చేపలకు ఆనకట్ట అడ్డమైందని మా ఆఫీసు సిమెంటు మెట్లు కట్టించింది. ఒక్కో మెట్టు మోకాలెత్తు. మా నదిలో ఉన్నవి జెల్లలు. అవి అడుగున పాకుతాయి తప్ప ఎగరవు. రేవులో ఎవరిని అడిగినా ఈ మాట చెప్పేవారు. అడగాలంటే మా సారు బూట్లు తడుస్తాయి కదా.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే. చేపలను లెక్కపెట్టే కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. రెండు నెలలు మెట్ల పక్కనే కూర్చున్నాను. ఒక్క చేప ఎక్కలేదు. ఒక కప్ప ఎక్కింది గాని, ఫారంలో కప్పకు గడి లేదు.

జెల్లలన్నీ ఆనకట్ట పక్కనున్న పాత కాలువలోంచి ఎగువకు పోతున్నాయి. మెట్లు పనిచేస్తున్నాయని రిపోర్టు వెళితే, ఇక అవసరం లేదని ఆ కాలువ మూసేస్తారు. అవి గుంపులుగా ఎక్కే తొలి వరదకు పది రోజులే ఉంది. జెల్లల కడుపుల నిండా గుడ్లు.

తనిఖీకి ముందురోజు సారు మా నాన్నను పిలిపించాడు. నాన్నది వల పని.

"ఏమయ్యా, మీవాడి లెక్క బోసిగా ఉంది. నాలుగు బకెట్ల జెల్లలు మెట్ల పైనున్న తొట్టిలో పోసి పో."

"మెట్లు చేపలకా సార్, నాకా?" అన్నాడు నాన్న. నా ఉద్యోగం గుర్తొచ్చి, బకెట్లు మోశాడు.

రిపోర్టు టైపు చేయడం నా పనే. "ఎక్కిన చేపలు: 212" అని రాయమన్నారు. "ఎక్కించిన చేపలు: 212" అని కొట్టాను. సారు అలవాటు ప్రకారం చదవకుండానే సంతకం గీకాడు.

తనిఖీకి వచ్చినావిడకు మాత్రం చదివే జబ్బు ఉంది.

"ఎక్కించినవా? ఎవరు ఎక్కించారు?"

"టైపింగు పొరపాటు మేడమ్. కుర్రాడికి తెలుగు సరిగా రాదు," అన్నాడు సారు, నా వైపు గుడ్లురుముతూ.

"పొరపాటు కాదు మేడమ్. మా నాన్న ఎక్కించాడు, బకెట్లతో," అన్నాను.

ఆవిడ కాలువ మూసే ప్రతిపాదన మీద అడ్డంగా గీత కొట్టింది. సాయంత్రానికి నా కాంట్రాక్టు మీద సారు గీత కొట్టాడు. ఆ కాగితం మాత్రం రెండుసార్లు చదువుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న వల బాగుచేసుకుంటున్నాడు.

"పీకేశారా?"

"పీకేశారు."

"కాలువో?"

"మూయరు."

"మరింకేం. కాళ్ళు కడుక్కుని రా, తిందాం."