అట్లతద్ది నాడు శని

అట్లతద్ది మంచి మొగుడు రావాలని చేసే నోము. నాకు మొగుడు వచ్చి ఇరవై ఏడేళ్లయింది. మంచివాడో కాదో ఇంకా తేలలేదు కాబట్టి ఏటా చేస్తూనే ఉన్నాను. తెల్లవారకముందే ఇంత పెరుగన్నం, గోంగూర పచ్చడి తినడం, ఆ తరవాత చంద్రుడు కనిపించేదాకా ఏమీ ముట్టకపోవడం. చంద్రుడు వేళకు వస్తే సులువైన నోమే.

చంద్రుడు వేళకే వస్తాడు. పద్మారావు నగర్‌లో మా అపార్ట్‌మెంటుకు తూర్పున కొత్తగా లేచిన తొమ్మిదంతస్తుల బిల్డింగు ఆయన్ని ఆపుతుంది. క్యాలెండరులో చంద్రోదయం ఏడూ యాభై అయిదు. మా కిటికీల్లోంచి మాత్రం ఆయన దర్శనం లేదు. పై డాబా ఎక్కాల్సిందే.

డాబా తాళంచెవి మా ఆయన దగ్గరుంటుంది. గొడవంతా అక్కడే. ముందస్తు రిటైర్మెంటు తీసుకున్న నెలలోనే ఆయన టెలిస్కోపు కొన్నారు. నేను గొట్టం అంటాను, ఆయన నొచ్చుకుంటారు. రోజూ రాత్రి దాన్ని డాబా మీద నిలబెట్టి ఆకాశంలోకి చూస్తుంటే, పక్క బిల్డింగు కిటికీల్లోకి చూస్తున్నారని ఎవరో అసోసియేషన్‌కు ఫిర్యాదు చేశారు. ఎదుట కొత్త చీర కట్టుకుని నిలబడితే ఆనని కళ్లకు పక్క బిల్డింగు ఆనుతుందా? ఆ సంగతి నలుగురిలో ఎలా చెప్పను?

ప్రెసిడెంటు విజయేందర్ తీర్పు చెప్పాడు. "నేనే వచ్చి జూస్త తాతారావన్నా. చుక్కలే అయితే తాళం నీ దగ్గర్నే. లేకుంటే డాబా బంద్."

డాబా బందైతే గొట్టం వచ్చి నా వంటింటి బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన నిలబడుతుంది. ఆయన దాని వెనక నిలబడతారు. నేను బట్టలు ఎక్కడ ఆరేసుకోను? కాబట్టి ఆ తాళం ఆయనకంటే నాకే ఎక్కువ అవసరం.

"ఎప్పుడు రమ్మన్నారు?" అని అడిగాను.

"రేపు. శని భలేగా ఉంటాడు."

"రేపు అట్లతద్ది."

"మరింకేం, నువ్వూ డాబా మీదే ఉంటావుగా."

మర్నాడు ఏడున్నరకు రాజ్యం, నేను గౌరమ్మకు నైవేద్యం పెట్టిన అట్లు స్టీలు డబ్బాలో సర్దుకుని పైకెక్కాం. రాజ్యం రెండో అంతస్తు అమ్మాయి, పాలకొల్లు నుంచి వచ్చింది, నాలాగే ఉపవాసం. డబ్బా మూత సందులోంచి నేతి వాసన వస్తోంది. ఇద్దరం అటు చూడకుండా కూర్చున్నాం.

విజయేందర్ వచ్చాడు. మా ఆయన గొట్టాన్ని ఆగ్నేయానికి తిప్పి, కొత్త అల్లుణ్ణి పీట మీద కూర్చోబెట్టినంత మర్యాదగా అతన్ని దాని ముందు నిలబెట్టారు. ఈ ఏడు ఆ గ్రహం చుట్టూ ఉండే వలయాలు మనకేసి అంచు తిప్పి ఉన్నాయట. సన్నటి గీత తప్ప ఏమీ కనపడదట. వారం రోజులుగా నాకిదే పాఠం.

"గిదేందన్నా? నిమ్మకాయకు సూది గుచ్చినట్టుంది?"

"శని!" అన్నారు మా ఆయన, పొంగిపోతూ.

విజయేందర్ రెండడుగులు వెనక్కి వేసి నీళ్ల పైపు కాలికి తట్టుకుని తూలాడు. "శనా? నాకు శనిని జూపెడ్తవా? ఏలినాటి శని నడుస్తుంది నాకు! ఆయన నా దిక్కు చూడొద్దని ప్రతి శనివారం నువ్వుల నూనె పోస్తున్న. నువ్వేమో నన్నే తీస్కచ్చి ఆయన ముంగట నిలబెడ్తివి!"

"అది ఉత్త వాయువుల ముద్దండీ. నూట ముప్ఫై కోట్ల కిలోమీటర్ల దూరంలో..."

"అంత దూరం నుంచే గింత పరేషాన్ చేస్తుండు. నువ్వు దగ్గరికి గుంజుకొస్తున్నవ్! దిగుండ్రి అందరు. డాబా బంద్."

తలుపుకున్న తాళంచెవి తీసేశాడు. మా ఆయన గొట్టానికి మూత పెట్టబోయారు. పైగా నాకు ఆకలి.

"దిగుతాం లెండి అన్నయ్యగారూ," అన్నాను. "పద రాజ్యం. ఇద్దరు ముత్తైదువలం, పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లైనా ముట్టలేదు. చంద్రుణ్ణి చూడకుండా ఎలాగూ తినం. ఏలినాటి శనిలో ఉన్నవారికి ఈ ఉసురు తగులుతుందో లేదో నాకు తెలీదు. రేపు మీ పంతులుగారిని ఓ మాట అడగండి."

మధ్యాహ్నం నేను టీ తాగిన సంగతి ఇందులో చెప్పలేదు.

"నాకు కళ్లు తిరుగుతున్నాయక్కా," అంటూ రాజ్యం నేల మీద చతికిలబడింది. బంగారు తల్లి.

విజయేందర్ తాళంచెవి చేతులు మార్చుకున్నాడు. "ఎంతసేపైతది మీ చంద్రుడొచ్చేటందుకు?"

"ఎనిమిదీ నలభై ఎనిమిది," అన్నారు మా ఆయన. "ఆ కొత్త బిల్డింగు లిఫ్టు గదికీ నీళ్ల ట్యాంకుకీ మధ్యలోంచి."

ఆ మాట ఆయన చంద్రుడితో ముందే మాట్లాడుకున్నట్టు చెప్పారు. నాలుగు రోజుల కిందటే లెక్క కట్టారట, నా నోము కోసం. నాతో అనాలని మాత్రం తోచలేదు. తెలిస్తే పొద్దున్నుంచీ గడియారం వైపు చూస్తూ కూర్చునేదాన్నా?

ఎనిమిదీ నలభై ఎనిమిదికి లిఫ్టు గది అంచు తెల్లబడింది. యాభైకి చంద్రుడు బయటపడ్డాడు.

"రెండు నిమిషాలు లేటు," అన్నాను.

"ఆ గోడ మీద ఇంకో వరస ఇటుకలు పేర్చారు. నా తప్పు కాదు."

ఈసారి నిజంగా చంద్రుడేనని ముగ్గురం ఒట్టు పెడితే గానీ విజయేందర్ గొట్టం దగ్గరికి రాలేదు. వచ్చాక వదల్లేదు. "అబ్బబ్బ, అన్నీ గుంతలే! అచ్చం మన గల్లీ రోడ్డు లెక్క!"

"అక్కా, గొట్టంలో చూస్తే నోము చెల్లుతుందా?" అని రాజ్యం సందేహం.

నేను అప్పటికే రెండో అట్టులో ఉన్నాను. చేత్తో ఆకాశం వైపు చూపించాను.

తనిఖీ సంగతి గుర్తొచ్చి విజయేందర్ గొట్టాన్ని పక్క బిల్డింగు కిటికీకి తిప్పించాడు. ఆ గొట్టంలో ఏదైనా తలకిందులుగానే కనపడుతుంది. చూసి నవ్వాడు. "కర్టెన్ తలకిందుల వేలాడ్తుంది! గిట్ల తలకిందుల జూస్కుంట ఎవడు కూసుంటడు? ఆ ఫిర్యాదు కొట్టేస్తున్న."

మా ఆయన చెయ్యి చాపారు. తాళంచెవి ఆయన్ని దాటుకుని నా చేతిలో పడింది.

"నీ దగ్గర ఉంచు వదినా. అన్నకిస్తే మళ్ల ఎవరికో శనిని జూపెడ్తడు."

నాలుగు అట్లు పెట్టి పంపాను. తాళంచెవి కొంగున ముడేసుకున్నాను.

పదకొండు దాటాక మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "పన్నెండున్నరకి గురుడు వస్తాడు. చుట్టూ నాలుగు చందమామలు కనపడతాయి. తాళం..."

"గురుడు రావడానికి ఇంకా గంట పైనే ఉంది," అని పీచు చేతికిచ్చాను. "ముందు ఆ అట్లపెనం తోమండి."

తోముతూ ఆ నాలుగు చందమామల పేర్లూ చెప్పారు. మూకుడూ, గరిటెలూ ఇంకా అలాగే ఉన్నాయని నేను చెప్పాను.