రెండో సాక్షి

తాతయ్య వీలునామాకు కోర్టు ముద్ర పడిన మర్నాడు పెదనాన్న లాయరును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ ముద్రనే ప్రొబేట్ అంటారట. అది చేతికొచ్చాక ఎవరికి రాసింది వాళ్ళకు అప్పగించడం ఎగ్జిక్యూటర్ పని. తాతయ్య ఆ పనికి పెదనాన్నను పెట్టాడు.

వీధివైపు గది అమ్మకు రాశాడు. నాన్న పోయాక పదకొండేళ్ళుగా అమ్మ ఆ గదిలోనే బట్టలు కుట్టి నన్ను పెంచింది. తాతయ్య మంచాన పడ్డాక ఆయన పిలిచినప్పుడల్లా మిషన్ మీంచి లేచి వెళ్ళేది.

"గది నీకు రాదమ్మా," అన్నాడు పెదనాన్న కళ్ళజోడు తుడుచుకుంటూ. "వీలునామా మీద నువ్వు సాక్షి సంతకం పెట్టావు. మన క్రైస్తవులకు వర్తించే చట్టంలో సాక్షికి రాసింది చెల్లదట. మిగతా ఆస్తిలో కలిసిపోతుంది."

"మిగతా ఆస్తి ఎవరికి?"

"నాకే రాశాడు నాన్న. నాదేముంది, చట్టం అలా ఉంది."

అమ్మ నవ్వింది. "ఎగ్జిక్యూటర్ గారు చెప్పింది విన్నాను. మరి బావగారు ఏమంటారు?"

బావగారు లాయరు వైపు చూశాడు.

"ఒక సాక్షి డాక్టరు గారు, సరే. రెండో సాక్షికి బయటివాళ్ళెవరూ దొరకలేదా అమ్మా?" అని అడిగాడు లాయరు.

"డాక్టరు గారు వెళ్ళిపోవాలని తొందరపెట్టారు. ఎదురింటి అత్తను పిలుచుకురమ్మని దీన్ని పంపాను. తాళం వేసుందని వచ్చింది."

నేను గోడకు అతుక్కుపోయాను. తాళం లేదు. గేటు దాకా వెళ్ళాను. లోపల చుట్టాలెవరో గట్టిగా నవ్వుతున్నారు. అంతమంది ముందు ఏమని పిలవాలో తెలియక తిరిగి వచ్చేశాను. ఆ సంగతి నా డైరీకి తప్ప ఎవరికీ తెలియదు.

వారం తిరక్కుండా గది ఖాళీ చేశాం. మిషన్‌ను అమ్మా నేనూ చెరోవైపు పట్టి బయట పెట్టి, చిన్న సామాను తెస్తుంటే ఎదురింటి అత్త వచ్చింది.

"ఏమే ముంగీ, ఆ రోజు డాక్టరు కారు మీ వాకిట్లో ఉండగా మా గేటు దాకా వచ్చి వెనక్కెళ్ళావేం? కిటికీలోంచి చూశాను. పిలిస్తే రానా?"

అమ్మ చేతిలోని దారపుకండెల డబ్బా కింద పెట్టింది. నా వైపు చూసింది. తర్వాత కొంగు ముడి విప్పి, గది తాళంచెవి నా అరచేతిలో పెట్టింది.

"పోయి మీ పెదనాన్నకిచ్చిరా. ఆ తలుపైనా తడతావో, తాళముందని వస్తావో."