లక్ష్మమ్మ చెప్పిన పదకొండు పేజీలు

షంషాద్ అక్క ఫోన్ చేసేటప్పటికి నేను దోసెల మీదికి ఎర్రకారం రుబ్బుతున్నాను. "సుగుణా, నీకు ఇంగ్లీషులో మెయిలొచ్చింది. మొదుట్లోనే కంగ్రాచులేషన్స్ అని ఉంది. ప్రింటు తీసి పెట్టినా, బిన్నా రా" అంది. ఆమె నెట్ సెంటర్ మా సందు చివరే. రోజుకు రెండుసార్లు వచ్చి నేను పెట్టే బాధ పడలేక, నా పాస్‌వర్డ్ అడిగి తీసుకుని తనే చూసి పెడుతోంది. కారం చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తాను. పెళ్ళయి నలభై రోజులు. ప్రొద్దుటూరు ఎండ కూడా నాకు ముద్దొచ్చే రోజులవి.

జర్నల్ వాళ్ళు నా వ్యాసం అంగీకరించారు. ఫ్యాక్షన్‌లో భర్తలను పోగొట్టుకున్న నలుగురు ఆడవాళ్ళు తర్వాత ఎలా బతుకుతున్నారో, ఎం.ఫిల్ కోసం రెండేళ్ళు జమ్మలమడుగు చుట్టుపక్కల తిరిగి రాసింది. ఉత్తరం కింద రెండు వాక్యాలున్నాయి. కాపీరైటు రచయితదే. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, ప్రతులు తీసి పంచుకోవచ్చు. అవి చదివి అక్కడే ఏడ్చేశాను. ఆ జర్నల్ కోసం ఏడాది కాచుకున్నది ఆ రెండు వాక్యాల కోసమే. వ్యాసంలో పదకొండు పేజీలు ఆ నలుగురిలో ఒకరైన లక్ష్మమ్మవి. చెప్పడం అయ్యాక ఆమె నన్నడిగింది, "మేం చెప్పింది మేమే దుడ్లు పెట్టి కొనుక్కోవల్నా పాపా?" అని. వద్దమ్మా, అందరికీ ఉత్తగానే దొరికేచోట వేయిస్తాను, నేనే తెచ్చి చదివి వినిపిస్తాను అన్నాను. "సరే. ఏ పార్టీవోళ్ళ చేతికీ మాత్రం ఇయ్యాకు. నా మొగుణ్ణి సంపినోళ్ళ చేన్లోనే ఇప్పుడు కూలికి పోతాండా. మా ఏడుపు ఏ జెండాకూ కట్టాకు" అంది. ఇవ్వనని ఆమె చేతిలో చెయ్యేసి చెప్పాను.

ఇంటికొచ్చేసరికి మామ దోసె తింటున్నాడు. మామ అంటే నా మొగుడు జ్ఞానప్రకాశం. మేనరికం కాబట్టి చిన్నప్పటి నుంచీ అదే పిలుపు. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్. ఆ కాలేజీ నడిపే కరస్పాండెంటు పార్టీ మనిషి, వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు కోసం తిరుగుతున్నాడు. నేను కాగితం మామ కళ్ళ ముందు ఊపి, "చూడు, నీ పెండ్లాం యాడికి పోయిందో" అన్నాను. తను నవ్వుతాడని, లేచి నా జడ లాగుతాడని ఎదురుచూశాను. మామ కాగితం మొత్తం చదివాడు. చివర్లో ఒక వాక్యం దగ్గర ఆగాడు. ఈ వ్యాసం మరెవరికీ ఇవ్వలేదని రచయిత సంతకం చేసి పంపాలి, అని ఉందక్కడ.

"ఇది కుదరదు సుగుణా" అన్నాడు.

"ఏం కుదరదు?"

"దాన్ని మా కరస్పాండెంటుకు ఇచ్చినా. జిల్లాలో ఫ్యాక్షన్ బాధితుల మీద పుస్తకం వేస్తాండాడు. ఈ ఆదివారం పులివెందుల మీటింగులో వదులుతారు. మనిద్దరి పేర్లూ ఉంటాయి. నాది ముందు, నీది ఎనక. నా పోస్టు పర్మనెంటు చేస్తానన్నాడు."

"నన్నడక్కుండా ఎట్లిచ్చినావు మామా?"

"అడక్కుండా యాడ? సంతకం నువ్వే చేసినావు."

నాకు గుర్తొచ్చింది. పెళ్ళయిన వారానికి, రేషన్ కార్డనీ బ్యాంకనీ ఇన్సూరెన్సనీ కాగితాలు తెచ్చి నా ముందు పరిచాడు. చర్చిలో రిజిస్టరులో మొదటిసారి తన ఇంటిపేరుతో సంతకం పెట్టినప్పటి నుంచీ నాకదొక పిచ్చి. పాల చీటీ మీద, క్యాలెండరు అంచున, ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ రాసుకునేదాన్ని. "ఈడ, ఈడ, ఈడ" అని మామ వేలు పెట్టి చూపిస్తుంటే, "ఇంకా లేవా?" అని అడిగి మరీ సంతకాలు చేశాను. రెండేళ్ళు నలుగురి మాటలు ఒక్కటి పోకుండా రాసుకున్న మనిషిని, మొగుడు ముందు పెట్టిన కాగితంలో పై వరుసైనా చదవలేదు. ఆ మధ్యాహ్నమే మామ కాలేజీ పిల్లల పరీక్ష పేపర్లు నూట ఇరవై దిద్దిపెట్టాను. "నీ చేతిరాత ముత్యాలు" అన్నందుకు మార్కుల పట్టీ కూడా నేనే వేశాను. ఆ వారమంతా అలాగే, దేనికైనా చెయ్యి చాచేదాన్ని.

"ఆ కాగితంలో ఏముంది?"

"సర్వహక్కులూ ప్రచురణకర్తవి. మార్చుకునేదానికీ, చేర్చుకునేదానికీ గూడా."

"ఏం చేర్చినారు?"

మామ పళ్ళెంలోకి చూశాడు. "నువ్వు పార్టీల పేర్లు రాయలేదు గదా. వాళ్ళు రాసుకున్నారు. ఊరి పేరు గూడా. చంపినోళ్ళు అవతలి పార్టీనే గదా, అబద్ధమేం కాదు."

"ఆయమ్మ రేపు ఎవరి చేన్లోకి కూలికి పోవల్ల?"

"అన్నిటికీ నీదొక పెద్ద ఇదైపాయ."

అత్త దీవెనమ్మ వంటింట్లో నుంచి వచ్చింది. "ఏందే మొగుడితో నాదీ నీదీ అంటాండావు? చర్చిలో అయ్యగారు ఇద్దర్నీ ఒకటి చేసె. వాని పేరైతేనేం, నీ పేరైతేనేం? వానికి ఉద్యోగం నిలబడితే తినేది నువ్వు గాదా?" అంది. ఆమె మంచిదే. నా పెళ్ళిచీరకు అంచు తనే కుట్టింది.

చెప్పులేసుకుని మళ్ళీ షంషాద్ అక్క దగ్గరికి వెళ్ళాను. నా వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని ఎడిటర్‌కు రాయడానికి నాలుగు వాక్యాలు చాలాయి. మరెవరికీ ఇవ్వలేదని అబద్ధం రాయలేను. అక్క నా భుజం మీద చెయ్యేసి, "పంపేసినావా?" అంది. పంపేశాను. ఇందాక ఏడ్చిన కుర్చీలోనే కూర్చుని ఉన్నా ఈసారి ఏడుపు రాలేదు. ఒక్క ఆలోచనే తిరుగుతోంది. మామ నన్ను అడగకుండా ఇచ్చాడని నా కోపం. మరి నేను సంతకం చేసి ఇచ్చేసింది ఎవరిని అడిగి? ఆ పదకొండు పేజీలు నావని కరస్పాండెంటూ అనుకున్నాడు, మామా అనుకున్నాడు, నేనూ అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మామ వాకిట్లో నిలబడి ఉన్నాడు. "కోపం పోయిందా? సాయంత్రం సినిమాకు పోదాం పా" అన్నాడు. ఆ ముఖం నాకు ఇంకా ఇష్టంగానే ఉంది. అదే తట్టుకోలేకపోయాను.

"రేప్పొద్దున ఫస్టు బస్సుకు జమ్మలమడుగు పోతాండా మామా" అన్నాను. "లక్ష్మమ్మకు వాళ్ళూ వీళ్ళూ చెప్పకముందే నా నోటితో చెప్తా. సంతకం నాదే అని గూడా చెప్తా. ఆ పేజీలు తీసేయమని అడిగేదానికి ఆయమ్మ ప్రెస్సుకు రమ్మంటే ప్రెస్సుకు, పోలీసు స్టేషన్‌కు రమ్మంటే స్టేషన్‌కు, ఎంట పోతా. నా ముఖం చూడనంటే మాత్రం ఆ వాకిట్లోనే కూకుంటా."

"నా ఉద్యోగం?"

"అది గూడా ఆయమ్మనే అడుగుతా" అన్నాను.